టెస్టర్ మందు

ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందని ఎవరైనా దాన్ని చంకలో పెట్టుకుని వస్తే వైండింగ్ మేస్త్రి ముందు ఆ మనిషి మొహం చూస్తాడు, తర్వాత ఫ్యాను మొహం చూస్తాడు. వచ్చినవాడు ఊరుకోకుండా, "పెద్ద కెపాసిటర్ వేసెయ్ మేస్త్రీ, గిర్రున తిరుగుతుంది" అని సలహా ఇచ్చాడా, ఇక అయిపోయినట్టే. "ఎందుకు తిరగదూ? తిరిగి తిరిగి కాయిల్ మాడి ఊరుకుంటుంది. ముందు బేరింగ్ చూడాలి నాయనా, బేరింగ్" అని మేస్త్రి అందుకుంటాడు. ఆ పాఠం అయ్యేదాకా ఫ్యానుకీ విడుదల లేదు, ఫ్యాను తెచ్చినవాడికీ లేదు. ఆ వీధిలో ఈ మాట వినని గడప లేదు. మేస్త్రి భార్య అయితే పెళ్లయిన కొత్తలో విని ముచ్చటపడింది, ఇప్పుడు వినకుండానే తలాడిస్తుంది.

షాపంటే పెద్దదేం కాదు. మూడు గోడలు, ఒక షట్టరు, మధ్యలో నూనె తాగి నల్లబడ్డ పొడవాటి బల్ల. గోడకి చెక్క అచ్చులు, అరల్లో రాగితీగ చుట్టలు, కింద పొట్టలు విప్పుకుని పడున్న మోటార్లు. ఎప్పుడు వెళ్లినా వార్నిష్ ఎండే వాసన. షాపు మీదే ఇల్లు. అందులో మేస్త్రి, భార్య, కొడుకు, కోడలు, నాలుగేళ్ల మనవరాలు. కొడుకుది ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగం. కోడలు నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. ఆ పని అలవాటో ఏమో, కూతురు తాగే ప్రతి గ్లాసునీ వెలుతురుకి ఎత్తి చూస్తుంది. పిల్ల ఒకసారి తుమ్మితే థర్మామీటరు, రెండోసారి తుమ్మితే డాక్టరు.

మనవరాలిని అందరూ బుడ్డమ్మ అంటారు. బుడ్డమ్మకి లోకంలో ఇష్టమైన చోటు తాత మెడ. పొద్దున్న తల్లి ఆఫీసుకి బయల్దేరుతుంటే ఏడుపు ఆపుకునేది ఆ మెడ పట్టుకునే. సాయంత్రం ఆ మెడ మీదెక్కి వీధి చివరిదాకా ఊరేగేది. దారిలో ఆమెకో ఉద్యోగం ఉంది. సెలూన్ బోర్డు, టైలర్ బోర్డు, కళ్లజోళ్ల షాపు ముందు వేలాడే పెద్ద రేకు కళ్లజోడు, వరసగా మూడిటినీ అరచేత్తో చరచాలి. కళ్లజోడు అన్నిటికంటే ఎత్తు. తాత మునివేళ్ల మీద లేస్తే తప్ప అందదు. అది ఖంగుమని మోగితే ఆ రోజుకి వీధి సరిగ్గా ఉన్నట్టు.

అరవై దాటాక మేస్త్రి ఒళ్లు కొత్త వేషాలు వేయడం మొదలుపెట్టింది. భోజనం చేసి కూర్చుంటే చాలు, ఒళ్లో మోటారు, చేతిలో తీగ, గడ్డం గుండెలకి ఆనేది. కాయిల్ చుట్టేటప్పుడు చుట్లు లెక్కపెట్టుకుంటూ పోవాలి. మధ్యలో కునుకు పడితే లెక్క పోతుంది, లెక్క పోతే చుట్టిందంతా విప్పాలి. అలా విప్పీ విప్పీ ఆయనకి ముక్కు మీద కోపం వచ్చేసింది. పొట్ట ముందుకొచ్చింది, చేతులు సన్నబడ్డాయి. చొక్కా బొత్తాలు పొట్ట దగ్గర సమ్మె చేస్తుంటే భుజాల దగ్గర బట్ట ఊగిసలాడేది. ఇక గురక సంగతి. ఒకరోజు పక్కింటాయన ఎంతో మర్యాదగా, రాత్రిపూట మోటార్లు టెస్ట్ చేయకుండా ఉంటే పిల్లలు పడుకుంటారని చెప్పి వెళ్లాడు.

ఇంకా కొన్ని సంగతులున్నాయి. అవి భార్యాభర్తల మధ్యవి. ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఆయన పని అలసట అనీ, ఆవిడ మోకాలి నొప్పి అనీ ఒకరికొకరు సాకులు అందించుకుని చెరో పక్కకి తిరిగి పడుకునేవాళ్లు.

ఇవన్నీ మేస్త్రి సర్దుకున్నాడు. సర్దుకోలేనిది ఒక సాయంత్రం జరిగింది. ఎప్పట్లాగే బుడ్డమ్మ చంకల కింద చేతులు వేసి పైకి లేపాడు. ఛాతీదాకా వచ్చాక చేతులు వణికాయి. ఇంకొంచెం లేపాడు. వణుకు భుజాల్లోకి పాకింది. పిల్లని మెల్లగా కిందికి దించి, చెప్పు సరిచేసుకుంటున్నవాడిలా వంగాడు. చెప్పు బాగానే ఉంది. ఆ సంగతి బుడ్డమ్మకి కూడా తెలుసు. నడుం మీద చేతులు పెట్టుకుని, షాపులో రోజూ వినే మాటనే వీధంతటికీ వినపడేలా ప్రకటించింది.

"తాతకి కరెంటు పోయింది."

అంతే. మర్నాటికల్లా ఆ మాట సెలూన్ అద్దంలోంచి టైలర్ కత్తెరదాకా పాకింది. మేస్త్రి అటుగా వెళ్తే ఒకరు లైనొచ్చిందా అనేవాళ్లు, ఇంకొకరు ఫ్యూజు చూసుకోమనేవాళ్లు. ఆయన కూడా నవ్వేవాడు. లోపల మాత్రం కలుక్కుమనేది. ఎందుకంటే ఆ మర్నాడు సాయంత్రం బుడ్డమ్మ మారాం చేయలేదు. బుద్ధిగా తాత వేలు పట్టుకుని, "నేను నడుస్తాలే తాతా" అంది. బోర్డుల కింద నుంచి వెళ్తున్నప్పుడు ఒక్కొక్కదాన్నీ తలెత్తి చూసింది. వీధి వేళాకోళం ఆయన చొక్కాకి తగిలి రాలిపోయింది గానీ, నాలుగేళ్ల పిల్ల జాలి మాత్రం ఎక్కడో ఎముకలో గుచ్చుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే వీధి మొదట్లో జిమ్ము నడిపే కండలాయన నడక యంత్రం మోటారు పట్టుకొచ్చాడు. ఆయన చొక్కాలు ఎప్పుడూ తన పిల్లలవి వేసుకున్నట్టుంటాయి. మేస్త్రి కునికిపాట్లు చూసి, కుర్చీ లాక్కుని కూర్చుని, రోగం చెప్పకుండానే మందు చెప్పాడు.

"వయసు బాబాయ్. టెస్టోస్టెరాన్ పడిపోతుంది. నీకు అదే తక్కువైంది."

"టెస్టరా?" అన్నాడు మేస్త్రి, జేబులో ఉన్న స్క్రూడ్రైవర్ టెస్టర్ తడుముకుంటూ.

"టెస్టర్ కాదు బాబాయ్, టెస్టోస్టెరాన్. మగాడి హార్మోను."

"అదేలే. టెస్టర్ పెడితే లైనుందో లేదో తెలుస్తుంది. లైను రావడానిక్కూడా పెడతారా?"

కండలాయన ఆ చర్చలోకి దిగలేదు. మర్నాడు ఒక ట్యూబు తెచ్చి చేతిలో పెట్టాడు. పెట్టె లేదు, లోపలి కాగితం లేదు, వట్టి ట్యూబు. పొద్దున్నే స్నానం చేసి భుజాలకి రాసుకోమన్నాడు. డాక్టరు చీటీ అక్కర్లేదా అని మేస్త్రి నసిగితే, జిమ్ములో అందరూ వాడేదే అన్నాడు. కెపాసిటర్ మార్చమన్నవాడికి అరగంట క్లాసు పీకే మేస్త్రి, ఆ రోజు ఒక్క ముక్క ఎదురు మాట్లాడలేదు. ట్యూబుని తీసుకెళ్లి గ్రీజు డబ్బా వెనక దాచాడు.

మందు పనిచేయకముందే మేస్త్రి పనిచేయడం మొదలుపెట్టాడు. రాసుకున్న నాడే మీసం దువ్వాడు. రెండోనాడు షట్టరుని ఒంటిచేత్తో లేపి, భుజం పట్టేసినా పట్టనట్టు నడిచాడు. వారం తిరక్కుండా, పళ్ల బిగువున, బుడ్డమ్మని మెడ మీదికి ఎక్కించేశాడు. సెలూన్ బోర్డు మోగింది. టైలర్ బోర్డు మోగింది. రేకు కళ్లజోడు ఖంగుమంది. "కరెంటొచ్చింది" అని బుడ్డమ్మ పైనుంచి అరిచింది. మేస్త్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది సంతోషమో, నడుం పట్టేయడమో ఆయనకే తెలియాలి.

కొన్నాళ్లకి నిజంగానే ఏదో తేడా కనిపించింది. మధ్యాహ్నం కునుకు తగ్గింది. దానితోపాటే నుదుటి మీద పడుచువాళ్లకి వచ్చేలాంటి మొటిమలు లేచాయి, కోపం మాత్రం ఇంకో మెట్టు ఎక్కింది. భార్య అన్నీ చూస్తూనే ఉంది. ఒకసారి ఫోన్లో ఆయన ఎవరితోనో గుసగుసగా, టెస్టర్ అయిపోవచ్చింది, ఇంకోటి పంపు అనడం ఆవిడ చెవిన పడింది. డ్రాయరు నిండా టెస్టర్లు పెట్టుకుని ఇంకా కొంటున్నారేంటండీ అని చీవాట్లు పెట్టింది. ఆయన వాటిని బుద్ధిగా తిన్నాడు. తెలియక పెట్టుకున్న పేరే అంత బాగా కాపాడుతుందని ఆయనా అనుకోలేదు.

గుట్టు బయటపెట్టింది ఒక తలుపు. మేడ మీద వంటింటి తలుపు కిర్రుమంటోందని, ఒక సెలవురోజు భార్య గ్రీజు కోసం కిందికి దిగింది. మేస్త్రి బాగుచేసిన మోటారు ఇచ్చి రావడానికి వెళ్లాడు. డబ్బా తీస్తే వెనకాల ట్యూబు. మూత తీసి వాసన చూసింది. స్పిరిట్ వాసన, చల్లగా, అచ్చం నొప్పుల మందులా ఉంది. తను మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కలేక ఏడుస్తుంటే, ఈ మహానుభావుడు మంచి మందు తెచ్చుకుని ఒక్కడే రాసుకుంటున్నాడా అని ఆవిడకి ఒళ్లు మండింది. బల్ల మీద కూర్చుని, కసికొద్దీ, రెండు మోకాళ్లకీ ధారాళంగా పట్టించింది.

మేస్త్రి గుమ్మంలోకి వచ్చి ఆ దృశ్యం చూశాడు.

"అది రాయకూడదే."

"ఏం, నాకు పనికిరాదా? నొప్పులు మీకొక్కరికేనా?"

"నొప్పుల మందు కాదది."

"మరి?"

అప్పటికి కోడలు కూడా కిందికి దిగింది, వెనకాలే బుడ్డమ్మ.

"టెస్టర్ మందు" అన్నాడు మేస్త్రి చివరికి, బల్లతో చెబుతున్నట్టుగా.

అత్త కోడలి మొహం చూసింది. కోడలు ట్యూబు అందుకుని, అలవాటు ప్రకారం వెలుతురుకి ఎత్తి, మీద ఉన్న చిన్న అక్షరాలు చదివింది. "ఇది టెస్టోస్టెరాన్ కదా మావయ్యగారూ. మగ హార్మోను" అంది మెల్లగా.

భార్య చేయి మోకాలి మీదే ఆగిపోయింది. "మగదా?" అంది. తర్వాత ఆ నొప్పి మోకాళ్లతోనే ఎవరూ చూడనంత వేగంగా కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. కడుగుతూనే, వెనక్కి తిరక్కుండా, నాకు మీసాలొస్తాయా అమ్మాయ్ అని అడిగింది. ఒక్కసారికి ఏమీ రావత్తయ్యా అని కోడలు నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"మావయ్యగారూ, మీరు దీన్ని ఎక్కడ రాసుకుంటున్నారు?"

"భుజాలకి."

"ఎప్పుడు?"

"పొద్దున్నే. స్నానం చేసి."

తర్వాత బనియను మీదే తిరుగుతాడని ఆ ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందరూ బుడ్డమ్మ వైపు చూశారు. బుడ్డమ్మ ఆ సమయానికి తాత బనియను పట్టుకుని వీపు మీదికి పాకుతోంది. ఒక చెంప అప్పటికే ఆయన భుజానికి ఆనించింది.

ఆడవాళ్లకీ పసిపిల్లలకీ ఈ మందు ఒంటికి అంటకూడదని, రాసుకున్నవాళ్ల చర్మం తగిలినా వాళ్లకి ఎక్కుతుందని, పిల్లల్లో వయసుకి ముందే రాకూడని మార్పులు రావచ్చని కోడలు చెప్పింది. గొంతు పెంచలేదు. ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది. అలా చెబితేనే ఆమెకి ఎక్కువ భయం వేసినట్టని అత్తకి తెలుసు. మేస్త్రి ఆ మాటలన్నీ వినలేదు. మొదటి మాటకే రెండు చేతులూ పైకెత్తేసి, పిల్ల తనంతట తను జారి కిందికి దిగేదాకా కదలకుండా నిలబడ్డాడు. షాక్ కొట్టే తీగ పక్కన ఎలా నిలబడాలో ఆయన ఎంతోమందికి నేర్పాడు. తనే తీగ అయితే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు.

వీధి డాక్టరమ్మ పెద్దావిడ. ఆవిడ క్లినిక్కులో తిరిగే ఫ్యాను కూడా మేస్త్రి చుట్టిందే. ముందు బుడ్డమ్మని నిలువునా పరీక్షించింది. ఎత్తు చూసింది, చర్మం చూసింది, చంకల్లో గిలిగింతలు పెట్టి మరీ చూసింది. కోడలు ఒకే ప్రశ్నని నాలుగు రకాలుగా అడిగింది. డాక్టరమ్మ నాలుగుసార్లూ ఒకే జవాబు చెప్పింది. పిల్లలో ఏ మార్పూ లేదు, మందు ఇంట్లోంచి పోయింది కాబట్టి ఇక రాకపోవచ్చు, అయినా కొన్ని నెలలపాటు మధ్యమధ్యలో చూపించండి అని. ఐదోసారి అడగబోతుంటే కోడలి చేతిలో ఒక గ్లాసు నీళ్లు పెట్టింది. కోడలు దాన్ని కూడా వెలుతురుకి ఎత్తి చూసుకునే తాగింది.

తర్వాత మేస్త్రి వంతు. వయసుతో మగవాళ్లలో ఆ హార్మోను కొంచెం కొంచెంగా తగ్గడం మామూలేనని, అది జబ్బు కాదని ఆవిడ చెప్పింది. కొందరిలో బాగా పడిపోతుంది, వాళ్లకి మందు అవసరమే. కానీ ఎవరికి అవసరమో రక్తపరీక్ష చెప్పాలి గానీ జిమ్ము కాదు. ఆ పరీక్ష కూడా పొద్దున్నే, పరగడుపున, ఒకటికి రెండుసార్లు చేయాలి. బయటి నుంచి హార్మోను వస్తూంటే ఒంట్లో తయారవడం ఆగిపోతుంది కాబట్టి, మందు ఆపి కొన్నాళ్లు ఆగాకే రమ్మంది. ఇంట్లోకి వీధి లైను వస్తుంటే జనరేటరు ఎందుకు తిరుగుతుంది అని మేస్త్రి గొణిగాడు. డాక్టరమ్మ విని, "అదే మరి" అంది.

ఆ కొన్నాళ్లూ గడవడం కష్టమైంది. మందు కడిగేసుకున్నాక భయం లేదని డాక్టరమ్మ చెప్పింది, కోడలు కూడా ఒప్పుకుంది. మేస్త్రే ఒప్పుకోలేదు. ఎండలోనూ మెడదాకా బొత్తాలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా వేసుకుని, పిల్ల దగ్గరికి వస్తే బల్లకి అటువైపు వెళ్లేవాడు. బుడ్డమ్మ ఇటు నుంచి వస్తే అటు, అటు నుంచి వస్తే ఇటు. మొదట అది ఆట అనుకుని నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. ఒకరోజు గుమ్మంలో కూర్చుని, తల ఎత్తకుండా అడిగింది.

"నేను బరువెక్కానా తాతా?"

మేస్త్రి చేతిలో చుట్టుతున్న కాయిల్ లెక్క మరోసారి పోయింది. ఈసారి నిద్ర వల్ల కాదు.

"నువ్వు కాదమ్మా" అన్నాడు. "తాతే."

రక్తపరీక్షలు రెండూ వచ్చాయి. హార్మోను తక్కువే, కానీ కంగారుపడేంత కాదు. డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి ఆయన పొట్ట వైపు చూసింది. గురక పెడతారా అని అడిగింది. పక్కింటాయన అన్న మాట భార్య పూస గుచ్చినట్టు చెప్పింది. నిద్రలో మధ్యమధ్య ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ అందుకుంటారని కూడా చెప్పింది. అయితే ముందు చూడాల్సింది అది, ఆ పొట్ట అంది డాక్టరమ్మ. నిద్ర సరిగ్గా లేకపోయినా, నడుం చుట్టూ కొవ్వు పేరుకున్నా ఈ హార్మోను పడిపోతుంది, నీరసం, చిరాకు, కునుకు అన్నీ అక్కడి నుంచే రావచ్చు. ఆ రెండూ సరిచేసి, అప్పటికీ తక్కువగానే ఉంటే మందు సంగతి ఆలోచిద్దాం అంది.

భార్య కొంగు సర్దుకుని ముందుకు జరిగింది. పెళ్లయిన దగ్గర్నుంచీ దాచిపెట్టుకున్న అవకాశం దొరికినట్టుంది ఆవిడ మొహం.

"అంటే డాక్టరమ్మా, ముందు బేరింగ్ చూడాలి. ఈయన నేరుగా కెపాసిటర్ వేసేసుకున్నారు."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. కోడలికి అర్థమైంది, కిటికీలోంచి బయటికి చూసింది. మేస్త్రికి అందరికంటే బాగా అర్థమైంది. తల పైకెత్తి, తను చుట్టిన ఫ్యానునే చూస్తూ కూర్చున్నాడు. అది బాగానే తిరుగుతోంది.

ఆ తర్వాత ఆ దంపతుల ఉదయపు నడక వీధికి కొత్త కాలక్షేపం అయింది. పొట్ట తగ్గాలని ఆయన, మోకాళ్లు వదులవ్వాలని ఆవిడ. ఆయన ముందు నడిచి ఆగుతాడు, ఆవిడ వెనక నుంచి వచ్చి, ఆగితే పొట్ట తగ్గదని గుర్తుచేస్తుంది. నిద్రని పరీక్షించి, రాత్రిపూట ముక్కుకి తగిలించుకోమని గాలి ఊదే చిన్న యంత్రం ఒకటి ఇచ్చారు. దొప్పలాంటి తొడుగు, పొడవాటి గొట్టం. బుడ్డమ్మ చూసి తాత ఏనుగయ్యాడని చప్పట్లు కొట్టింది. మేస్త్రికి మాత్రం ఆ యంత్రంలో మోటారు ఎలా చుట్టారో చూడాలని ఒకటే దురద. భార్య స్క్రూడ్రైవర్లన్నీ, టెస్టర్లతో సహా, బీరువాలో పెట్టి తాళం వేసింది. వేస్తూ అద్దం ముందు ఒక్క క్షణం ఆగి పైపెదవి చూసుకుంది. అది ఆవిడకి ఇప్పుడు అలవాటైపోయింది. ఇంట్లో ఎవరూ చూడనట్టు ఊరుకుంటారు.

పక్కింటి పిల్లలు నిద్రపోతున్నారు. మేస్త్రి కూడా. మధ్యాహ్నం కునుకు పూర్తిగా పోలేదు గానీ, చుట్ల లెక్క మాత్రం నిలబడుతోంది. కోపం మామూలు మెట్టుకి దిగింది. కండలాయన ఇంకో మోటారు పట్టుకుని వచ్చినప్పుడు, ఆ ట్యూబులు ఇంకెవరికీ ఇవ్వొద్దని, ఇస్తే ఈసారి మోటారుకి తీగ ఉండదని మేస్త్రి చెప్పాడు. గొంతు పెంచకుండా, కోడలిలాగా ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పాడు.

ఒక సాయంత్రం మేస్త్రి పని ఆపి బల్ల శుభ్రంగా తుడిచాడు. బరువైన మోటారుని రోజూ నేల మీది నుంచి లేపేవాడు మేస్త్రి కాదు, కూలీ. ఒక్కసారి బల్ల ఎక్కిస్తే, ఆ తర్వాత దాన్ని జరుపుకోవడమే. ఇన్నేళ్లూ మోటార్లకి చేసింది మనవరాలికి ఎందుకు చేయలేదో ఆయనకే నవ్వొచ్చింది. బుడ్డమ్మని పిలిచి కుర్చీ చూపించాడు. బుడ్డమ్మ కుర్చీ ఎక్కింది, కుర్చీ మీది నుంచి బల్ల ఎక్కింది. మేస్త్రి చొక్కా పై బొత్తాలు రెండు విప్పి, వీపు తిప్పి నిలబడ్డాడు. పైన మెట్ల మీద కోడలు ఆగిపోయింది. ఆయన తలెత్తి ఆమెని చూశాడు. ఆమె తలూపింది. పిల్ల కాళ్లు రెండూ ఆయన భుజాల మీది నుంచి ముందుకి వచ్చి, ఛాతీ మీద పడ్డాయి.

సెలూన్ బోర్డు మోగింది. టైలర్ బోర్డు మోగింది. మునివేళ్ల మీద లేవబోయాడు గానీ, మోకాలు వద్దంది. రేకు కళ్లజోడుకీ బుడ్డమ్మ చేతికీ మధ్య జానెడు మిగిలింది. మేస్త్రి ఆయాసపడుతూ ఆగాడు. సెలూన్ ఆయన గుమ్మంలోంచి కత్తెర ఆడిస్తూ, ఏంటి మేస్త్రీ, మళ్లీ కరెంటు పోయిందా అన్నాడు.

మేస్త్రి నోరు తెరిచేలోపు పైనుంచి జవాబు వచ్చింది.

"కరెంటు ఉంది" అంది బుడ్డమ్మ, తాత జుట్టు పట్టుకుని. "బేరింగ్ చూస్తున్నారు."

కళ్లజోళ్ల షాపాయన లోపలి నుంచి పొడవాటి కర్ర తెచ్చి, పిల్ల చేతికి అందించాడు.

ఖంగుమంది.